బండి వడిగా పోవునపుడు స్టీరింగు ఏల వణకును?

తిరువూరు చుట్టుపట్ల గ్రామములలో మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినవన్న మిరపకల్లములు ఎఱ్ఱబారును. ఎండిన కాయను టిక్కీలకెత్తి గుంటూరు మిర్చియార్డునకు చేర్చు పని ఇప్పుడు చాలవఱకు పికప్ బండ్లది. పూర్వము ఒక లారీ కొఱకు నలుగురైదుగురు రైతులు కూడి కాచుకొనియుండెడివారు. నేడు ఇంటికొక బండి లేకున్నను వీథికొక బండి యున్నది. వీనిలో పెక్కింటికి యజమానియు డ్రైవరును ఒక్కరే; నెలనెల వాయిదా కట్టువాడును ఆతడే. కనుక బండికి వచ్చిన జబ్బు ఇంటిలోనివారికి వచ్చిన జబ్బువలెనే బాధించును. అట్టి జబ్బులలో ఒకదానినిగూర్చి శ్రోతలతో కొంత ముచ్చటింపదలచితిమి.

తిరువూరు నుండి మైలవరము మీదుగా ఇబ్రహీంపట్నము చేరు త్రోవ 30వ నంబరు జాతీయరహదారి. 2010వ సంవత్సరమునకు ముందు దానినే 221 అనెడివారు. ఈ త్రోవలో ఊళ్ళు, మలుపులు, స్పీడుబ్రేకర్లు, ఎదురువచ్చు లారీలు ఎక్కువ. బండి గంటకు 50, 55 కిలోమీటర్ల కంటె వడిగా పోవుట అరుదు. అంతవఱకు స్టీరింగు చక్కగా మాట వినును. విజయవాడ గడచి, కృష్ణ దాటి, గుంటూరు వైపు 16వ నంబరు రహదారి నెక్కి, ముల్లు 70 చూపునప్పటికి స్టీరింగు చక్రము చేతులలో సన్నగా వణకనారంభించును. 75 వచ్చుసరికి అఱచేతులు తిమ్మిరెక్కును. దీనిని డ్రైవర్లు వాబ్లింగ్ అందురు. సరకుబండ్లకు నాలుగు వరుసల రహదారిపై 80, తక్కిన త్రోవలపై 60 కిలోమీటర్లు మేరయని కేంద్రప్రభుత్వము 2018లో ప్రకటించినది. అనగా చట్టము అనుమతించిన వేగములోననే ఈ బాధ తల యెత్తుచున్నది. ఊరిలో త్రిప్పి చూచిన మేస్త్రీకి మాత్రము ఏమియు కనబడదు. “బండి బాగానే యున్నదండీ” యని తాళముచెవి చేతికిచ్చును.

మేమును ఒక సంవత్సరము ఈ బాధ పడితిమి. మాది చేయిమారిన బండి. కొన్న రెండు నెలలకు గుంటూరు త్రోవలో స్టీరింగు వణకెను. ఒక వర్క్‌షాపునకు తీసికొనిపోగా టై రాడ్ ఎండ్లు అరిగిన వనిరి; మార్చితిమి. కింగ్‌పిన్ బుష్షులు పోయిన వనిరి, అవియు మార్చితిమి. వీల్ అలైన్‌మెంటు రెండు మాఱులు చేయించితిమి. రెండు నెలల వాయిదా సొమ్ము వ్యయమైనది. వణుకు మాత్రము యథాప్రకారముగ నున్నది. ఆ మేస్త్రీలు మోసగాండ్రని మేమనము. వారు మార్చిన సామాను నిజముగ కొంత అరిగియే యుండెను. కాని అరిగిన వస్తువు వేఱు, వణకించు వస్తువు వేఱు. ఈ భేదము తెలియక మేము సొమ్ము పోగొట్టుకొంటిమి.

ముందుగా వణుకు ఎట్లు పుట్టుచున్నదో చూతము. 215/75 ఆర్ 15 అని ప్రక్కను వ్రాసియుండు టైరు పికప్ బండ్లకు తఱచుగా వాడుదురు. దాని వ్యాసము సుమారు 70 సెంటీమీటర్లు, చుట్టుకొలత రెండు మీటర్ల ఇరువది సెంటీమీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున అట్టి చక్రము సెకనునకు పదిమార్లు తిరుగును. ఇప్పుడు ఆ రిమ్ము అంచున ఒక ప్రక్కను 30 గ్రాముల బరువు ఎక్కువగా నున్నదనుకొనుడు. నాలుగు పదిరూపాయల నాణెముల బరువే. చక్రము నిలిచియున్నపుడు దానిని లెక్కింప నక్కరలేదు. కాని సెకనునకు పదిమార్లు తిరుగునపుడు ఆ 30 గ్రాములు చక్రమును సుమారు 2.4 కిలోల బలముతో వెలుపలికి లాగును. ఒకసారి పైకి, ఒకసారి ముందునకు, ఒకసారి క్రిందికి, ఒకసారి వెనుకకు, ఇట్లు సెకనునకు పదిమార్లు. వేగము సగమైన ఈ బలము సగము కాదు, నాలుగవ వంతగును. కావుననే 40 కిలోమీటర్ల వేగమున ఆ బండియే పసిపాపవలె నిద్రించును.

మఱియొక విశేషము కలదు. చక్రము, ఇరుసు, కమాను కట్టలు కూడిన ముందుభాగమునకు తనంత తాను ఊగు ఒక లయ యున్నది. సాధారణముగా అది సెకనునకు 10 మొదలు 15 మార్లు. చక్రము తిరుగు లయ ఈ లయతో కలిసిన చోట వణుకు ఒక్కసారిగా హెచ్చును. మీ యింటి రేడియోలో ముల్లు త్రిప్పునపుడు విజయవాడ కేంద్రము ఒక్క చోటనే స్పష్టముగా పలుకును. ఆ చోటు చేరకముందు గరగర, దాటిన పిదప మఱల గరగర. ఇదియు అటువంటిదే. కొన్ని బండ్లలో 70 కడ మొదలైన వణుకు కొంచెము వేగము పెంచగనే తగ్గుటయు ఇందువలననే. అది చూచి, ఇంకను వడిగా తోలిన జబ్బు పోవుననుకొను సాహసికులు లేకపోలేదు. చేతికి తెలియుట తగ్గినది గాని చక్రమును లాగు బలము తగ్గలేదు. అది పెరుగుచునే యున్నది.

వైద్యుడు మందు వ్రాయుటకు ముందు, జ్వరము ఏ వేళ వచ్చుచున్నది, చలితో వచ్చుచున్నదా, చెమట పట్టి దిగుచున్నదా యని అడుగును. బండి విషయమునను పనిముట్టు తీయుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు కలవు. వాని కుత్తరము చెప్పగలవాడు మేస్త్రీ కాదు, తోలువాడే.

మొదటిది, వణుకు ఎచ్చట తెలియుచున్నది? చేతులకు తెలిసిన కారణము ముందు చక్రములలో నుండుట మెండు. స్టీరింగు నిలకడగా నుండి ఆసనమును నేలపలకయు అదరిన వెనుక చక్రములనైనను, ఇంజనునుండి వెనుక ఇరుసునకు పోవు ప్రొపెల్లర్ షాఫ్టునైనను అనుమానింపవలెను. చక్రము ఒకసారి తిరుగులోపల ఈ షాఫ్టు నాలుగైదు మార్లు తిరుగును. కనుక దాని అదురు కొట్టినట్లు గాక, తుమ్మెద రొదవలె సన్నగా నుండును.

రెండవది, బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణకుచున్నదా? అట్లయిన చక్రపు తూకముతో పని లేదు. బ్రేకు డిస్కు ఒక చోట మందముగను ఒక చోట పలుచగను ఉన్నదన్నమాట. పెడలు కూడ పాదము క్రింద నాడివలె కొట్టుకొనుచుండును. చక్రపు నట్లు ఒకటి గట్టిగ ఒకటి వదులుగ బిగించుటవలన డిస్కు ఒరగుటయు, ఒరగిన డిస్కు క్రమముగ అసమముగ అరుగుటయు తఱచు జరుగును.

మూడవది, బండి నిలిచియుండగా గేరు లేకుండ ఇంజనును రేగించిన వణకుచున్నదా? అట్లయిన చక్రములను ముట్టనక్కరలేదు. ఇంజను క్రింది రబ్బరు దిమ్మలను చూడవలెను. నాలుగవది, ఖాళీబండికిని బరువుబండికిని భేదమున్నదా? టిక్కీలన్నియు వెనుకకు చేర్చి కట్టిన బండి ముందుభాగము తేలికపడును. అంతకుముందు అణగియున్న చిన్న దోషము అప్పుడు బయటపడవచ్చును. ఇది సరకు సర్దుటలోని లోపమే గాని బండి లోపము కాదు.

చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. వణుకు మెల్లమెల్లగా నెలల తరబడి పెరిగినదా, లేక నిన్న లేనిది నేడు వచ్చినదా? నేడే వచ్చి, పోనుపోను హెచ్చుచున్న వణుకును ఇంటికి తేరాదు. గట్టిగా బ్రేకు తొక్కక, వేగము తగ్గించి, త్రోవప్రక్కకు తీసి నిలుపవలెను. నట్లు సడలి చక్రము ఊడుటకు సిద్ధముగనైన ఉండవచ్చును, టైరు లోపలి పొరలు విడిపోవుచునైన ఉండవచ్చును. రెంటిలో ఏదైనను తరువాతి పది కిలోమీటర్లు ఆగకపోవచ్చును.

అంత అపాయము లేనప్పుడు వెదకుట ఎచ్చట మొదలిడవలెను? అన్నిటికంటె చౌకయైన చోట. మా ప్రాంతమున నల్లరేగడి చేలు కలవు. వాన కురిసిన పిదప పత్తికో మిరపకో చేలోనికి దిగిన బండి చక్రములకు ఆ మట్టి పట్టి, రిమ్ము లోపలి వైపున ఒకచోట పేరుకొని, ఎండి, రాయియగును. వెలుపలినుండి చూచిన చక్రము శుభ్రముగనే యుండును. నూఱు గ్రాముల మట్టిపెడ్డ 80 కిలోమీటర్ల వేగమున సుమారు 7 కిలోల బలముతో చక్రమును లాగును. దీనికి కావలసిన మందు ఒక పుల్ల, రెండు బకెట్ల నీళ్ళు. దీనికొఱకు బుష్షులు మార్పించుకొన్నవారిని మేమెఱుగుదుము.

తరువాత టైర్లు. గాలి ఎంతయుండవలెనో తలుపు ప్రక్కన అంటించిన చీటిమీద వ్రాసియుండును. ముందు చక్రములకొక లెక్క, వెనుకవానికొక లెక్క, ఖాళీకిని బరువునకును వేఱువేఱు. ఆ చీటిని చదివినవారు తక్కువ. టైరు ప్రక్కన కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుండును. 2319 అన్న 2019వ సంవత్సరము 23వ వారమున తయారైన దని అర్థము. చేయిమారిన బండి కొనువారు ఇది తప్పక చూడవలెను. గాడులు లోతుగా నున్నను రబ్బరు ముసలిదై యుండవచ్చును. పిదప అఱచేతిని టైరు మీద చుట్టును నెమ్మదిగా నడపవలెను, ఇనుపతీగ తేలి గ్రుచ్చుకొనకుండ గుడ్డ చుట్టుకొనిన మేలు. ఉబ్బు, పల్లము, అలలవంటి అరుగుదల చేతికే తెలియును. ఇంటిముందు బరువుతో నాలుగు రోజులు కదలక నిలిచిన బండి టైరు నేల నానుకొన్న చోట చదునుపడుటయు కలదు. అది కొన్ని కిలోమీటర్లు నడువగా టైరు వేడెక్కి తనంతనే సర్దుకొనును, తొందరపడరాదు.

వీల్ బ్యాలెన్సింగ్ అనునది చక్రపు తూకము సరిచేయుట. వీల్ అలైన్‌మెంట్ అనునది చక్రములు చూచు దిశ సరిచేయుట. ఈ రెంటిని ఒకటిగా తలచువారు చాలమంది. దిశ తప్పిన బండి ఒక ప్రక్కకు లాగును, టైరును ఒక అంచున తినివేయును, కాని ఊరక అదే వణకింపదు. తూకము తప్పిన బండి వణకును. వణుకునకు అలైన్‌మెంటు చేయించుట పంటినొప్పికి కండ్లద్దములు మార్చుట వంటిది. మేము రెండు మాఱులు మార్పించితిమని ముందే మనవి చేసితిమి.

తూకపు యంత్రము చక్రమును త్రిప్పి, రిమ్ము లోపలి అంచున ఎంత, వెలుపలి అంచున ఎంత బరువు తగిలింపవలెనో చెప్పును. ఇది చాల మేలైన యంత్రము. ఐనను దానికొక పరిమితి యున్నది. చక్రము గుండ్రముగ లేకున్నను, ఒకచోట ఉబ్బియున్నను, అది తూకమును సరిచేసి “సున్న” యని చూపును. తూకము సరిపోయినంత మాత్రమున గుండ్రము రాదుగదా! కావున యంత్రము మీద చక్రము తిరుగుచున్నపుడు అంకెలను గాక టైరును చూడవలెను. ఇంటికడ జాకీ మీద త్రిప్పుచు, టైరునకు వెంట్రుకవాసి దూరమున సుద్దముక్క పట్టుకొనినను చాలును. ఉబ్బిన చోట మాత్రమే సుద్ద అంటును. రిమ్ము వంకరయు ఇట్లే తెలియును.

ఇక జాకీ పరీక్ష. గట్టినేలమీద, వెనుక చక్రములకు రాళ్ళడ్డము పెట్టి, ముందు చక్రమును లేపి, స్టాండు ఆనించిన పిదపనే చేతులు పెట్టవలెను. ఇటుకలను నమ్మరాదు. చక్రమును పైన ఒక చేత క్రింద ఒక చేత పట్టి ఊపుడు. ఆడినయెడల వీల్ బేరింగునందో, కింగ్‌పిన్ లేక బాల్ జాయింటునందో వదులున్నది. ఏదో తెలిసికొనుటకు ఒక చక్కని ఉపాయము కలదు. పిల్లవాని నెవరినైన బ్రేకు తొక్కిపట్టుమని, మఱల ఊపవలెను. బ్రేకు వేయగనే ఆట మాయమైన బేరింగు వదులు. బ్రేకు వేసినను ఆట మిగిలిన కింగ్‌పిన్ లేక బాల్ జాయింటు వదులు. కుడియెడమల పట్టి ఊపినప్పుడు మాత్రమే ఆడినయెడల టై రాడ్ ఎండ్లను చూడవలెను. ఈ వదులులు సాధారణముగ వణుకును పుట్టింపవు. ఎచ్చటనో పుట్టిన వణుకును పెద్దదిగ చేసి చేతికందించును. మా మేస్త్రీలు పొరబడినది ఇచ్చటనే.

ఈ చిక్కు నేటిది కాదు. 1923లో అమెరికాలో ఫైర్‌స్టన్ కంపెనీ తక్కువ గాలితో మెత్తగా నడుచు బెలూన్ టైర్లను అమ్మకమునకు తెచ్చెను. అదే కాలమున ముందు చక్రములకును బ్రేకులు వచ్చినవి. ప్రయాణము సుఖమాయెను గాని, ముందు చక్రములు రెండును కుడియెడమలకు విపరీతముగ కొట్టుకొను జబ్బు మోటారుకార్లకు పట్టుకొన్నది. రెండు చక్రములును ఒకే ఇరుసునకు తగిలియుండుటయే అందులకు మూలము. ఒక చక్రము గోతిలో పడి ఇరుసు ఒరగిన, రెండవదియు ఒరగును. వడిగా తిరుగుచున్న బొంగరమును ఒరగద్రోసిన అది పడక ప్రక్కకు తిరుగునట్లు, చక్రమును ప్రక్కకు తిరుగజూచును. అది స్టీరింగును లాగును, స్టీరింగు రెండవ చక్రమును లాగును. రోల్స్‌రాయిస్ కంపెనీనుండి జనరల్ మోటార్సునకు వచ్చిన మారిస్ ఆలీ యను ఇంజనీరు మున్నగువారి కృషి ఫలితముగ 1934లో ఆ కంపెనీ కార్లకు ముందు చక్రములు దేనికది విడిగా లేచిపడు ఏర్పాటు వచ్చినది. సరకుబండ్లలో మాత్రము, బరువు మోయు గట్టిదనము కొఱకు, ముందు ఒకే ఇరుసుగల నమూనాలు నేటికిని కలవు. అట్టివాని యజమానులు కింగ్‌పిన్ వదులును ఉపేక్షింపరాదు.

మా బండి సంగతికి వత్తము. వేసవిలో ఒకనాడు పంక్చరు పడి తిరువూరులో ఒక టైర్ల దుకాణము ముందు ఆగితిమి. దుకాణదారు వృద్ధుడు. మాటలలో మా వణుకు కథ చెప్పితిమి. ఆయన ఏ సామాను పేరును ఎత్తలేదు. “ఏ స్పీడులో వస్తోంది బాబుగారూ? చేతికా, సీటుకా?” అని మాత్రము అడిగెను. ఒక గంట కాలములో ముందు చక్రములు రెంటిని వెనుకకును, వెనుకవానిని ముందునకును మార్చి, నట్లు ఎదురెదురుగ బిగించి, “ఒకసారి పెద్దరోడ్డు మీద తోలి రండి. వణుకు ఎటు పోయిందో నాకు చెప్పండి” అనెను. తీసికొన్న కూలి మేము మార్చిన ఒక బుష్షు ధర కంటె తక్కువ.

మఱునాడు గుంటూరు త్రోవలో 75 కడ స్టీరింగు రాయివలె నిలిచినది. ఆసనము మాత్రము క్రిందనుండి అదరెను. ఒక సంవత్సరము చేతులలో నున్న వణుకు వెనుకకు పోయినది. అనగా అది బండిది కాదు, ఆ రెండు చక్రములలో ఒకదానిది.

తిరిగి వచ్చి చెప్పగా ఆయన ఆ రెండు చక్రములను విప్పి, ఒక్కొక్క టైరును ఒడిలో పెట్టుకొని అఱచేయి నడిపెను. రెండవదానిపై చేయి ఒకచోట ఆగినది. మా చేతిని పట్టి అచ్చటనుంచెను. జానెడు పొడవున రబ్బరు క్రింద మెత్తని ఉబ్బు. చూపునకు అందనిది, చేతికి తెలియునది. లోపలి ఉక్కుతీగల పొర రబ్బరునుండి విడిపోయినదట.

“దీన్ని పెట్టుకుని టిక్కీలేసుకుని ఏడాది తిరిగారా?” అని ఆయన కొంతసేపు మా ముఖము చూచెను. ఆ బండిలో పోయిన కోతకాలమున మా ప్రక్కను ఎవరెవరు కూర్చుండిరో మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

క్రొత్త టైర్లు రెండు ముందునకు వేయించితిమి. క్రొత్తవి ముందే వేయవలెనా, వెనుకనా యను విషయమున వాదములున్నవి గాని, అనుమానపు టైరును, పాతదానిపై క్రొత్త రబ్బరు అతికించిన రీట్రెడ్ టైరును ముందు చక్రమున వాడరాదను విషయమున ఆయనకు సందేహము లేదు, మాకును లేదు. తూకము చేయించి, నూఱు కిలోమీటర్లు నడిపి, మఱల వచ్చి నట్లు బిగింపించుకొంటిమి.

పాత టైరునకు గాడులింకను లోతుగ నుండెను. ఎవరైన కొందురేమో యని మేమడిగితిమి. ఆయన ఉత్తరమియ్యక, కత్తి తెచ్చి, ఉబ్బిన చోటనే ప్రక్కగోడను ఈ కొసనుండి ఆ కొసకు కోసి, దుకాణము వెనుక పడవైచెను.